పౌను గింజల కొలత

"మనకన్న దీనులు ఎందరో వున్నారు, మనకేం తక్కువ?" అనే ఓదార్పు మన సమాజంలో చాలా పాతది. పంట పోయిన రైతుతో షావుకారు అన్న మాట ఇదే. జీతం చాలని గుమాస్తాతో యజమాని అనే మాటా ఇదే. ఇందులో నిజం లేకపోలేదు. నెల జీతం ఆలస్యమైన ఉపాధ్యాయుని యిబ్బందీ, ఒకనాడు పని దొరక్కపోతే పొయ్యి వెలగని కూలీ యిబ్బందీ ఒకటి కావు. తన చిక్కునే లోకదుఃఖంగా భావించుకునే మధ్యతరగతి మనస్సుకు ఈ తారతమ్యజ్ఞానం అవసరమే. అయితే పోలిక తెచ్చేవాడెవడు? ఎవరి పక్కన ఎవరిని నిలబెడుతున్నాడు? దానినుంచి ఏ తీర్పు రాబడుతున్నాడు? ఈ ప్రశ్నలకు మన చరిత్రలోనే ఒక పాఠం వుంది.

1876లో వానలు లేవు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మన పెద్దలు దానిని ధాత కరువన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. మైసూరు, హైదరాబాదు సంస్థానాలూ, బొంబాయి రాష్ట్రంలోని దక్కను జిల్లాలూ ఆ మంటలోనే చిక్కుకున్నాయి. ఆ స్థితిలో 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో మహా దర్బారు తీర్చి, విక్టోరియాను భారతదేశపు చక్రవర్తినిగా చాటించాడు. ఆ నెలలోనే, కరువు ఖర్చును అదుపులో పెట్టడానికి, సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణానికి పంపాడు.

ఈ టెంపుల్ కరువు నెరుగనివాడు కాడు. 1874లో బెంగాలు, బీహారులలో కరువు వచ్చినప్పుడు బర్మానుంచి బియ్యం తెప్పించి, జనాన్ని చావనీయకుండా కాపాడినవాడే. అందుకు అతనికి దక్కినది మెప్పు కాదు. ప్రభుత్వ ధనాన్ని దుబారా చేశాడన్న నింద. మూడేండ్లకు దక్షిణానికి వచ్చేసరికి ఆయన మరో మనిషి. అంతవరకు కరువు పనిలో మగవానికి ఇచ్చే రోజు కూలీ దీనికన్న ఎక్కువ. టెంపుల్ దానిని పౌను గింజలకూ, ఒక అణాకూ తగ్గించాడు. స్త్రీలకూ పిల్లలకూ ఇంకా తక్కువ. ఇప్పటి లెక్కలో పౌనంటే 450 గ్రాములు. అది కూర్చున్నవాని తిండి కాదు, రోజంతా రాయి కొట్టి, మన్ను మోసినవాని తిండి!

మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని ఎదిరించాడు. కష్టపడే మనిషికి కనీసం పౌనున్నర గింజలూ, పప్పూ, కూరగాయలూ వుండాలని వాదించాడు. ఆ వాదం ఫలితంగా 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలీని కొంత పెంచింది. ఈలోగా జరగవలసిన నష్టం జరిగింది. స్వేచ్ఛావాణిజ్యం పేర ధాన్యపు ఎగుమతిని మాత్రం నిషేధించలేదు. ఆ కరువులో చనిపోయినవారు అరకోటికి పైమాటేనని చరిత్రకారుల అంచనా.

టెంపుల్ క్రూరుడు కాబట్టి ఇది జరిగిందనుకుంటే మనకు చరిత్ర అర్థం కానట్లే. అదే మనిషి 1874లో ప్రాణాలు నిలిపాడు గదా! మారినది అతని ముందున్న ప్రశ్న. మనిషికి ఏమి చెల్లవలసి వున్నదన్నది మొదటిది. ఎంత తక్కువతో మనిషి బతకగలడన్నది రెండవది. రెండవ ప్రశ్న వేసుకున్న క్షణంలోనే మనిషి ఖర్చుపద్దుగా మారిపోతాడు.

జనం ఆ లెక్కను మౌనంగా ఒప్పుకోలేదు. బొంబాయి దక్కనులో వేలకొద్దీ కూలీలు ఆ కూలీకి పని చేయమని కరువు పనులు విడిచి వెళ్ళారు. ఆకలితో వున్నవాడు కూడా కాదనగలడని వారు చూపించారు. 1870లో ఏర్పడిన పూనా సార్వజనిక సభ వారి పక్షాన ప్రభుత్వానికి రాసింది. ఖైదీకి దొరికే తిండికన్న ఇది తక్కువన్న విమర్శ ఆనాడే వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1876లో, దాదాభాయి నౌరోజీ భారతదేశపు పేదరికాన్ని గురించిన తన వ్యాసాన్ని బొంబాయిలో చదివాడు. తలకు ఏడాదికి సుమారు 20 రూపాయల ఆదాయమని లెక్కగట్టి, జైలు ఖైదీ తిండికీ బట్టకూ అయ్యే ఖర్చుకన్న అది తక్కువని చూపాడు. ఇదీ పోలికే, ఇదీ కొలతే. కాని టెంపుల్ చేతిలోని కొలత పేదవానికి హద్దు గీసింది. నౌరోజీ చేతిలోని కొలత పాలకుని బోనులో నిలబెట్టింది.

ధాత కరువు తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, దాని వెంట కరువు నిబంధనలు వచ్చాయి. ప్రాణం నిలపడం ప్రభుత్వపు విధి అని ఒప్పుకున్నారు గాని, అది పేదవాని హక్కు అని ఒప్పుకోలేదు. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి నూట పాతికేండ్లు పట్టింది. 1877లో పని కావాలన్నవాడు ఇల్లు విడిచి దూరపు శిబిరాలకు పోవలసి వచ్చేది. అలా పోగలవాడే నిజమైన ఆకలిగొన్నవాడని దొరల పరీక్ష. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం అడిగిన 15 రోజులలో, ఊరికి 5 కిలోమీటర్ల లోపల పని చూపాలనీ, చూపలేకపోతే భృతి ఇవ్వాలనీ శాసించింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని ప్రారంభించినది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ధాత కరువునాడు ఆ నేల బళ్ళారి జిల్లాలోనిది. అమలులో ఎన్ని లోపాలున్నా, దయగా వచ్చిన పనికీ, హక్కుగా అడిగిన పనికీ మధ్య వున్న దూరం అక్కడ కనబడుతుంది.

టెంపుల్ ప్రశ్న మాత్రం చావలేదు. ప్రపంచ బ్యాంకు కటిక పేదరికపు గీతను 2022లో రోజుకు 2.15 డాలర్ల వద్ద, 2025లో 3 డాలర్ల వద్ద గీసింది. లెక్కకు గీత వుండవలసిందే. గీతకు ఒక అడుగు పైకి వచ్చినవానితో "నీవిక పేదవాడివి కావు" అనడానికి దాన్ని వాడినప్పుడు అది మళ్ళీ పౌను గింజలే అవుతుంది. కింది గీతనే చూపేవారు పైకి చూడనివ్వరు. 2021లో ప్రపంచ సంపదలో 76 శాతం పైనున్న పదిశాతం మంది చేతిలో వుందనీ, కింది సగం జనానికి మిగిలింది 2 శాతమేననీ ప్రపంచ అసమానతల నివేదిక తేల్చింది. దృక్పథమంటే ఈ రెండు చివరలనూ కలిపి చూడడం.

కనుక మనకన్న దీనులున్నారన్న ఎరుకను వదలుకోవద్దు. దానిని షావుకారు చేతినుంచి తీసుకుందాం. మన జీతం మాట అడిగేటప్పుడు మనకన్న తక్కువ కూలీ అందుకునేవాని మాట కూడా కలిపి అడుగుదాం. అతనిని చూపి మనలను నోరు మూసుకోమన్నవారిని, అతనికి చెల్లవలసినది ఎందుకు చెల్లలేదని ముందు నిలదీద్దాం.