ఆ పెరడు ఎవరిది?

ఇల్లాలికి నిజమైన విశ్రాంతి కావాలంటే ఇల్లు వదిలి వెళ్లాలంటారు. వెళ్లి ఏం చేస్తామండీ? చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి మళ్లీ పొయ్యే వెలిగిస్తాం! మన కార్తీక వనభోజనాలయినా అంతే, అమెరికా వాళ్ల వసంతకాలపు గుడారాల విహారమయినా అంతే. కాకపోతే మనది ఒక్క పూట ముచ్చట, వాళ్లది నాలుగు రోజుల కాపురం.

అలాంటి కాపురాలకు పెట్టింది పేరు కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. చలికాలమంతా కొండల మీద పేరుకున్న మంచు వసంతంలో కరుగుతుంది. మే నెల వచ్చేసరికి యోసెమిటీ జలపాతం మూడంచెలుగా 2,425 అడుగుల ఎత్తు నుంచి ఉరుకుతుంది. ఎండాకాలం ముదిరితే చాలు, అదే జలపాతం సన్నగిల్లి ఎండిపోతుంది. అందుకే వసంతంలో వెళ్లాలంటారు. మెర్సెడ్ నది ఒడ్డున డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరబూసేదీ అప్పుడే.

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్న మా అక్క కూతురు, "అక్కడ గుడారానికి చోటు దొరకడం తిరుమలలో గది దొరకడం కన్నా కష్టం పిన్నీ!" అంటుంది. నెలల ముందే అడగాలట, నిమిషాల్లో అయిపోతాయట. చోటు దొరికాక ఇంకో తంతు. పులిహోర డబ్బా దగ్గర్నుంచి సబ్బు, టూత్‌పేస్టు వరకూ వాసన వచ్చేదేదైనా సరే ఇనప పెట్టెలో పెట్టి గడియ వెయ్యాలి. లేకపోతే ఎలుగుబంటి వచ్చి పంక్తిలో కూర్చుంటుంది!

ఈ గుడారాల చరిత్ర చదువుతుంటే నాకు ముందుగా ముచ్చటేసిన మనిషి జెన్నీ కర్రీ. కర్రీ అంటే మన కూర కాదు లెండి, ఆవిడ ఇంటిపేరు. మొగుడూ పెళ్లాలిద్దరూ బడిపంతుళ్లు. వేసవి సెలవుల్లో నాలుగు డబ్బులు కలిసొస్తాయని 1899లో ఆ లోయలో ఏడు గుడారాలు వేసి, వచ్చినవాళ్లకు రోజుకు రెండు డాలర్లకు బసా భోజనమూ పెట్టారు. హోటల్లో దిగే స్తోమత లేని మామూలు సంసారులకు అది వరమయింది. మొదటి ఏడే మూడు వందల మంది దాకా వచ్చారు. 1917లో భర్త పోయినా ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1948లో కన్నుమూసేదాకా అందరికీ ఆవిడ "మదర్ కర్రీ"యే. అడవిలో హోటలు పెట్టడానికి పెట్టుబడి కన్నా ముందు కావలసింది పదిమందికి వండి వడ్డించే ఓర్పేనని నాకనిపిస్తుంది.

దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా అక్కడ ఆరుబయట పడుకున్నాడు. 1903 మే నెలలో ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్‌ని వెంటబెట్టుకుని మూడు రాత్రులు గడిపాడు. లోయలో పెద్దలు విందు ఏర్పాటు చేసి ఎదురుచూస్తుంటే కాదని చెట్ల కిందకు పోయాడు. రెండో రాత్రి మంచు కురిసి దుప్పట్ల మీద పేరుకుందట. ఆయన దానికే మురిసిపోయాడు! ఆ విందు వండినవాళ్లు ఏమనుకున్నారో మరి! ఆ మూడు రాత్రులూ మ్యూర్ చెప్పిన మాటలు ఊరికే పోలేదు. 1906లో ఆ లోయ కాలిఫోర్నియా రాష్ట్రం చేతిలోంచి కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది.

1913లో కార్లను రానిచ్చారు. ఇంకేముంది! ఎవరికి తోచిన చోట వాళ్లు కారు ఆపడం, గుడారం కొట్టడం. జనం తొక్కిడికీ కారు చక్రాలకూ నేల గట్టిపడి వేళ్లకు ఊపిరాడక చెట్లు నీరసించసాగాయి. మైనెకీ అనే చెట్ల రోగాల శాస్త్రవేత్త ఆ రోగం మూలం కనిపెట్టి, 1930ల మొదట్లో ఒక పథకం చెప్పాడు. బళ్లన్నీ ఒకే దిక్కున తిరిగే దారి, ఆ దారి పక్కన ఒక్కొక్క కుటుంబానికి కారు ఆపే చోటు, బల్ల, పొయ్యి, గుడారానికి జాగా. అమెరికాలో గుడారాల విడుదులు చాలావరకు ఆ పద్ధతినే కట్టారు. "అడవిలో స్వేచ్ఛగా ఉన్నాం" అనుకుంటాం గానీ, మన పొయ్యి ఎక్కడుండాలో కూడా ఒకరు ముందే గీత గీసి పెట్టారన్నమాట!

అయితే ఆ లోయలో పొయ్యి వెలిగించిన మొదటి ఇల్లాలు జెన్నీ కర్రీ కాదు. ఇక్కడే నా మనసు చివుక్కుమంది.

ఆ లోయకు అసలు పేరు అహ్వానీ. అక్కడ కాపురమున్నది అహ్వానీచీ జాతి వాళ్లు. బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్లకూ వాళ్లకూ గొడవలు ముదిరి, 1851 మార్చి నెలాఖరున మారిపోసా దళం లోయలోకి దిగింది. ఆ రాత్రి నెగడు చుట్టూ కూర్చుని, ఈ చోటికి ఏం పేరు పెడదామని సైనికులు వాదించుకుని "యోసెమిటీ" అన్నారు. వసంతంలో ఆ లోయలో వేసిన గుడారాల కథ అలా మొదలయింది! చలికాలానికని ఆ ఆడవాళ్లు ఏరి దాచుకున్న ఓక్ గింజల గాదెలను దళం తగలబెట్టింది. తిండి లేకపోతే మనుషులు ఎన్నాళ్లు నిలుస్తారు? ఆ జాతి పెద్ద టెనాయాని పట్టుకుని, ఒక సరస్సుకి నీ పేరు పెట్టామని గొప్పగా చెబితే, దానికి ఇదివరకే పేరుందన్నాడట ఆయన.

టెనాయా మనవరాలు టోటుయా. చిన్నపిల్లగా తరిమివేయబడిన ఆవిడ, 78 ఏళ్ల తర్వాత 1929లో ముదుసలిగా మళ్లీ ఆ లోయ చూడ్డానికి వచ్చింది. అప్పటికే అక్కడ గుడారాలూ కార్లూ కిక్కిరిసి ఉన్నాయి. లోకమంతా అందమని మెచ్చుకునే ఆ పచ్చిక బయళ్లను చూసి ఆవిడ తల అడ్డంగా ఊపింది. అంతా మురికి, ఒకటే పొదలు అంది. మీకు ఆశ్చర్యంగా లేదూ? నాకు మాత్రం ఊడవని వాకిలి చూసిన ఇల్లాలు కనిపించింది. వాళ్లవాళ్లు ఏటా చిన్న మంటలు పెట్టి పొదలను అదుపులో ఉంచేవారు. ఓక్ చెట్లు బాగా కాసేవి, గడ్డి ఏపుగా పెరిగేది. మనం అడవి అనుకున్నది వాళ్ల పెరడు! అడవిలో మంటే ఉండకూడదని దశాబ్దాల తరబడి ఆపిన అధికారులే తర్వాత తర్వాత జాగ్రత్తగా మంటలు పెట్టించడం మొదలుపెట్టారు. టోటుయా రెండేళ్లకే, 1931లో పోయింది.

మిగిలిన కొద్దిమంది ఇళ్లను కూడా 1969లో పార్కు వాళ్లు తగలబెట్టించారు. 2018లో మాత్రం ఆ జాతి వారసులు తమ పల్లెను మళ్లీ కట్టుకోవడానికి ఒప్పందం కుదిరింది.

గుడారం వేసుకోవద్దని నేననను. పిల్లలకు నక్షత్రాలు చూపించాల్సిందే, ఆ జలపాతం హోరు వినాల్సిందే. కానీ మీ పిల్లలెవరైనా అక్కడికి వెళితే ఒక్క పని చెయ్యమనండి. ఆ లోయలోని బండల మీద గుండ్రటి గుంటలుంటాయి. ఆడవాళ్లు తరతరాలుగా ఓక్ గింజలు దంచగా దంచగా పడ్డ గుంటలు. అవి రోళ్లు. మన వంటింటి రోలు తెలిసిన చేతికి ఆ గుంట ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.