దంపుడు బియ్యం, ప్రకృతాహారం: కృష్ణా డెల్టా ఆహార చరిత్రలో ఒక పార్శ్వం

విజయవాడ పరిసరాలలో ప్రకృతి వైద్యానికి లభించిన ఆదరణను సాధారణంగా వ్యక్తుల ప్రతిభకు, టెలివిజన్ ప్రసారాలకు ఆపాదిస్తారు. డెల్టా వరి చరిత్రను విడిచిపెడితే ఆ ఆదరణ పూర్తిగా బోధపడదు.

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద వరి విస్తరించింది. క్రమంగా రైసుమిల్లులు రావడంతో దంపుడు బియ్యం స్థానాన్ని తెల్లని మరబియ్యం ఆక్రమించింది. తవుడుతో పాటు విటమిన్ బి1 కూడా పోయింది. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి స్థిరపడడానికి ఇదే ప్రధాన కారణం. బియ్యానికీ ఈ వ్యాధికీ గల సంబంధంపై మెకారిసన్, నోరిస్‌ల అధ్యయనం 1924లో వెలువడింది. తమిళ ప్రాంతాలలో వాడుకలో ఉన్న ఉప్పుడు బియ్యంలో, వడ్లను ఉడికించినప్పుడు బి1 గింజలోనికి ఇంకుతుంది. మర పట్టినా కొంత నిలుస్తుంది. పచ్చిబియ్యం తినే తెలుగువారికి ఆ రక్షణ లేకపోయింది.

ప్రయోగశాల ఈ నిర్ధారణకు రాకముందే వేరొక మార్గంలో ఆహార విమర్శ తెలుగులో ప్రవేశించింది. జర్మనీకి చెందిన లూయీ కూనే గ్రంథాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ తెలుగులోకి అనువదించారు. శరీరంలో పేరుకున్న మాలిన్యమే సకల రోగాలకూ మూలమనీ, శాకాహారం, స్నానచికిత్సలు దానిని తొలగిస్తాయనీ కూనే వాదం.

ఉండవల్లి వద్ద కృష్ణా కరకట్టపై ఆరోగ్యాలయాన్ని నెలకొల్పిన ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు ఈ పరంపరకు చెందినవారు. ఉప్పు, నూనె, పంచదార లేని వంట, మొలకలు, పండ్లు, పాలిష్ పట్టని ధాన్యం ఆయన బోధించే ఆహారంలో ప్రధానాంశాలు. ఆవకాయ, తెల్లన్నం రుచికి ఆధారమైన ప్రాంతంలో ఇది సామాన్యమైన కోరిక కాదు.

పాలిష్ పట్టని బియ్యం విషయంలో ప్రయోగశాల, ప్రకృతి వైద్యం ఒకే నిర్ణయానికి వచ్చాయి. హేతువులు మాత్రం వేరు. మొదటిది లోపాన్ని గుర్తించింది, రెండవది మాలిన్యాన్ని ఊహించింది. ఈ భేదం నేటికీ ముఖ్యమే. బెరిబెరికి కారణం ఒక్క పోషకలోపం. మధుమేహం, రక్తపోటు బహుకారణ వ్యాధులు. ఉప్పు తగ్గిస్తే రక్తపోటు తగ్గుతుందని నియంత్రిత పరీక్షలు నిరూపించాయి. ఒకే ఆహారనియమం దీర్ఘవ్యాధులన్నింటికీ మందులకు బదులుగా సరిపోతుందనే వాదానికి అటువంటి ఆధారం లేదు. ఈ తేడాను గుర్తించకుండా మందులు మానేసిన రోగికి ప్రమాదం పొంచి ఉంటుంది. డెల్టా ఆహారచరిత్రను రచించేవారు ప్రకృతి వైద్యపు విమర్శను కొట్టివేయకుండానే, దాని చికిత్సా వాదాలను ఒక్కొక్కటిగా పరీక్షకు నిలపవలసి ఉంది.