పోర్ట్ లూయీలో రెండు రాత్రులు

పోర్ట్ లూయీ పట్టణం చూడడానికి ఎన్ని రోజులు కావాలి? విహారయాత్రలు నడిపే కంపెనీలవారు ఒక పూట చాలునంటారు. ఉదయం సంత, మధ్యాహ్నం కోదాన్ రేవులోని దుకాణాలు, సాయంత్రానికి మళ్ళీ ఉత్తర తీరంలోని హోటలు. మనకు ఆ లెక్క సరిపోదు. చెరకు తోటలకు వచ్చిన మన పూర్వీకులలో చాలామంది దిగిన నాడు ఈ పట్టణంలో గడిపినది రెండు రాత్రులే. ఆ రెండు రాత్రుల సంగతి తెలుసుకోవడానికైనా అన్ని రోజులు ఇక్కడ ఉండాలని మా అభిప్రాయం.

ఈ విషయం ఇప్పుడు రాయడానికి ఒక కారణం కలదు. అబుదాబి దగ్గర మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో కాపురముంటున్న మా బంధువుల పిల్లలు వచ్చే సెలవులలో నాలుగు రోజులకు మన దీవికి వస్తామనీ, ఏమేమి చూడాలో రాసి పంపమనీ అడిగారు. అబుదాబి కూడా దీవి మీద వెలసిన పట్టణమే. వీరు ఉండే పేట మాత్రం వంతెన ఇవతల, ప్రధాన భూభాగం మీద ఉన్నది. దానికి చేరువలోనే ముసఫా పారిశ్రామిక వాడ, కార్మికుల వసతి గృహాలు. నేటికీ తెలుగు జిల్లాల నుండి జనం ఒప్పందపు పనికి గల్ఫ్ దేశాలకు పోతూనే ఉన్నారు గదా! అందువల్ల ఈ పిల్లలకు మన చరిత్ర సులభంగానే అర్థమవుతుందని మా ఆశ.

ముందు కాలం సంగతి. మే నుండి నవంబరు వరకు రావడం మంచిది. పోర్ట్ లూయీ కొండల చాటున, గాలి తక్కువగా తగిలే పడమటి ఒడ్డున ఉన్నది కనుక జనవరి, ఫిబ్రవరి నెలలలో ఉడికిపోతుంది. తుఫానుల భయం కూడా అప్పుడే. ఇక ఋతువు దాటిపోయిందిలే అని జనం నిశ్చింతగా ఉన్న సమయంలో, 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫాను సుమారు 1,200 మందిని బలిగొన్నది. నవంబరు 2వ తేదీ కలిసి వచ్చేటట్లు చూసుకొంటే మరీ బాగు. 1834లో ఆనాడే అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను తీసుకొని వచ్చింది. ఆ దినం మన దేశంలో సెలవు.

పట్టణం పుట్టుక గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 1735లో ఫ్రెంచి గవర్నరు లాబూర్దొనే ఈ రేవును కట్టించాడు. 1810లో ఆంగ్లేయులు దీవిని గెలుచుకొన్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చేతులు కావలసి వచ్చాయి. మన కథ అక్కడ మొదలు.

మొదటి రోజు ఉదయమే, ఎండ ముదరకముందు, ఆప్రవాసీ ఘాట్‌కు పోవాలి. అక్కడ సముద్రం నుండి పైకి వచ్చే 16 రాతి మెట్లు ఉన్నవి. చాలామంది సందర్శకులు ఆ మెట్ల దగ్గర ఫొటో తీసుకొని వెళ్ళిపోతారు. అట్లు చేయవద్దు. ఈ ఆవరణను వలసవారి డిపోగా కట్టడం ఆరంభించింది 1849లో. కాబట్టి అట్లాస్ ఓడవారు ఈ కట్టడాలను ఎరుగరు. 1842 చివర వలస మళ్ళీ తెరుచుకొన్న కొత్తలో వచ్చిన మొదటి తెలుగువారికి కూడా ఇవి తెలియవు. ఆ తరువాత వచ్చినవారు మాత్రం ఇక్కడే దిగారు. ఆసుపత్రి భాగం, వంటశాల, మరుగుదొడ్లు, కాపలావాని గది, ఇవన్నీ నిదానంగా చూడాలి. ఒకేసారి వెయ్యి మంది దాకా పట్టే చోటు ఇది. ఓడ దిగినవారిని ఇక్కడ సుమారు రెండు రోజులు ఉంచి, లెక్క రాసుకొని, సంఖ్య ఇచ్చి, తోటల యజమానుల మనుషులకు అప్పగించేవారు. ఇప్పుడు మిగిలినది ఆ డిపోలో సగం కూడా కాదు. తరువాతి కాలంలో వేసిన పెద్ద రోడ్డు దానిని రెండుగా కోసింది. దీనికి కూలీ ఘాట్ అన్న పేరు తీసివేసి 1987లో ఆప్రవాసీ ఘాట్ అని పెట్టారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. 1834 నుండి 1920ల వరకు ఈ దీవికి వచ్చినవారు సుమారు 4,62,000 మంది. మనవారు అందులో కొంత భాగమే. గోదావరి ముఖంలోని కోరంగి రేవు పేరు మీద మనలను ఇక్కడ కోరంగీలు అని పిలిచారు. చిన్నప్పుడు ఆ మాట వింటే మాకు కష్టంగా ఉండేది. నేడు అది మన ఊరి ఆనవాలు అనుకొంటున్నాము.

రెండవ రోజుకు మేము సూచించే పని కొంచెం వింతగా తోచవచ్చు. పట్టణమంతా కాలినడకన, ఎవరినీ అడగకుండా, ఇష్టం వచ్చినట్లు తిరగాలి. ఎందుకో చెబుతాము.

డిపో నుండి తోటకు పోయినవాడు మళ్ళీ పట్టణం చూడడం తేలిక కాదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనిని డబుల్ కట్ అన్నారు. అయిదేండ్ల ఒప్పందం ముగించినవానికి పాత వలసవాడు అని పేరు. వాడు స్వేచ్ఛ పొందినాడని మనం అనుకొంటాము. కాని 1867 చట్టం ప్రకారం వాడు తన ఫొటో అంటించిన టికెట్టునూ, పోలీసువారి పాసునూ ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు పోవాలన్నా ఆ కాగితం సరిగా ఉండాలి. లేకపోతే దిమ్మరి అని పట్టుకొనేవారు. అట్టివారిని ఉంచే డిపో పట్టణం అంచున గ్రాంద్ రివియేర్ దగ్గర ఉండేది. అన్న పెండ్లికో, అత్తగారి ఊరికో బయలుదేరినవాడు దారిలో దొరికిపోతే ఏమి చెప్పుకొంటాడు? ఏ భాషలో చెప్పుకొంటాడు?

దీనికి ఎదురు నిలిచినది మనవారే అని చెప్పడం న్యాయం. అదొల్ఫ్ ద ప్లెవిత్స్ అనే తెల్లదొర సహాయంతో 1871లో గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు ఒక అర్జీ పెట్టారు. దానిమీద 9,401 మంది పాత వలసవారు సంతకాలు, గీతలు పెట్టారు. తోటల యజమానులు ప్లెవిత్స్‌ను దేశంనుండి వెళ్ళగొట్టాలన్నారు. పట్టణ వీధిలోనే ఆయనమీద దెబ్బ పడింది. అయినా 1872లో రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం వచ్చింది, 1875లో నివేదిక వెలువడింది. పుస్తకాలలో ప్లెవిత్స్ పేరు ఉన్నది, ఉండవలసినదే. ఆ 9,401 మంది పేర్లు మాత్రం మన పిల్లల పాఠాలలో ఎప్పుడు చేరుతాయో!

నడక సంతనుండి మొదలు పెట్టండి. గాతో పిమాన్ తినండి. అది మన మసాలా వడకు తమ్ముడే. దాల్ పూరీ తిని, చల్లని అలూదా తాగి, చాం ద మార్స్ వైపు వెళ్ళండి. 1812నుండి గుర్రపు పందేలు జరిగే మైదానం అది. 1968 మార్చి 12న స్వతంత్ర పతాకం ఎగిరినదీ అక్కడనే. కోటమీదికి ఎక్కితే ఓడరేవు అంతా కనబడుతుంది. 1866-67లో మలేరియా జ్వరం ఈ వీధులలో వేలమందిని చంపినప్పుడు డబ్బుగలవారు క్యూర్‌పీప్ మెట్టకు ఎగబాకారు. ఆనాటి నుండి అది పెద్ద ఊరయింది. ఇప్పుడు మెట్రో రైలు అక్కడిదాకా పోతుంది. 2020లో రోజ్ హిల్ వరకు, 2022లో క్యూర్‌పీప్ వరకు. పాసు అడిగేవారు లేరు, టికెట్టు ఒక్కటే.

మూడవ రోజు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థకు కేటాయించాలి. వలసవారి రిజిస్టర్లు, 1860ల నుండి తీసిన ఫొటోలు అక్కడ భద్రంగా ఉన్నవి. ఇది సెలవుల సరదా పని కాదని పిల్లలు అంటారేమో. ఒక ముత్తాత ముఖం చూచిన తరువాత ఆ మాట అనరు. ఇందుకు వారపు దినం కావాలి. శని ఆదివారాలు పెట్టుకొంటే నిరాశే. ముందుగా ఉత్తరం రాసి, వేళలు కనుక్కొని, కుటుంబపు జనన, వివాహ పత్రాలు వెంట తెచ్చుకోవాలి. పేరు నమ్ముకొని రావద్దు. ఆంగ్ల గుమాస్తా చెవికి వినబడినట్లు రాసిన అప్పయ్యలు, వెంకటస్వాములు అందులో ఎందరో ఉన్నారు. ఇంట్లో పాత పెట్టెలో ఏదైనా టికెట్టు గాని, నకలు గాని ఉన్నదేమో మీ పెద్దలను అడిగి, దానిమీది సంఖ్యను కాగితంమీద రాసుకొని రండి.