మందారం కొమ్మ, బాబర్ ఖలమ్

మన ఇళ్ల ఆంగన్‌లో గులాబీ ఉంటుంది, మల్లె ఉంటుంది, మెహందీ చెట్టయితే చెప్పనక్కర్లేదు. మందారం మాటెత్తేసరికి మాత్రం కొందరు బుజుర్గులు తటపటాయిస్తారు. 'అది పూజ పువ్వు కదా బేటా' అంటారు. గులాబీ దర్గాకూ వెళ్తుంది, గుడికీ వెళ్తుంది. దానిమీద లేని షక్ దీనిమీద ఎందుకో నాకు అర్థం కాదు. సరే, ఫత్వాలు ఇవ్వడం నా పని కాదు. తారీఖ్ ఏం చెప్తుందో చూద్దాం.

1526లో పానిపట్ గెలిచిన బాబర్ బాద్షాకి హిందుస్తాన్ పెద్దగా నచ్చలేదు. మంచి ఖర్బూజా లేదు, ద్రాక్ష లేదు, మంచు లేదు, హమ్మామ్ లేదు అంటూ తన తుర్కీ రోజ్‌నామ్చాలో షికాయతుల ఫెహ్రిస్తే రాసుకున్నాడు. అలాంటి మనిషి ఇక్కడి పువ్వుల గురించి రాయడానికి కూర్చుని మొట్టమొదట ఎత్తుకున్నది మన మందారాన్నే. జాసూన్ అన్నాడు, కొందరు హిందుస్తానీలు గుడ్‌హల్ అంటారనీ రాశాడు. గన్నేరు, మొగలి, మల్లె అన్నీ దాని తర్వాతే.

ఆయన చూపు ఎంత బారీక్‌గా ఉందో చూడండి. రంగు దానిమ్మ పువ్వు కంటే చిక్కన, పరిమాణం గులాబీ అంత. గులాబీ మొగ్గ ఒక్కసారే విచ్చుకుని ఊరుకుంటుంది. జాసూన్ విచ్చుకున్నాక రేకుల నడుమ గుండెలాగా ఒక కాడ కనిపిస్తుంది, దానిమీద మళ్లీ రేకులు. పువ్వు ఒక్కరోజులో వాడిపోతుందనీ, నాలుగు నెలల వానాకాలం బాగా పూస్తుందనీ, ఏడాది పొడవునా కూడా పూస్తున్నట్టే ఉందనీ రాశాడు. ఇంత పూసీ ఖుష్బూ లేదన్నదొక్కటే ఆయన అఫ్సోస్.

అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ 'ఆయిన్-ఎ-అక్బరీ'లో ఆ లెక్క సరిచేసినట్టుంది. ఖుష్బూ ఉన్న పువ్వులకు ఒక ఫెహ్రిస్త్, అందం కోసమే చూసుకునే పువ్వులకు ఇంకొకటి పెట్టి, గుడ్‌హల్‌ని రెండోదాంట్లో చేర్చాడు. చాలా రేకులుంటాయి, రెండు గజాలకు పైగా పెరుగుతుంది, ఆకు తూత్ ఆకులా ఉంటుంది అన్నాడు.

ఇద్దరూ చెప్పింది రేకుల మీద రేకులున్న పువ్వు గురించి. అంటే వాళ్లు చూసింది ముద్ద మందారమే అయ్యుండాలి. ముద్ద మందారంలో పుప్పొడి కాడలే రేకులుగా మారిపోతాయి, అందుకే మామూలుగా గింజ పట్టదు. గింజ లేని మొక్క తోట నుంచి తోటకు వెళ్లాలంటే ఒక్కటే దారి: ఎవరో కొమ్మ కోసి ఇంకొకరి చేతిలో పెట్టాలి. అడవిలో తనంతట తాను మొలిచిన ఎర్ర మందారాన్ని వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా చూపించలేకపోయారు. 1753లో లిన్నేయస్ దానికి 'చైనా గులాబీ' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చైనాదో, మనదో, సముద్రంలోని దీవులదో, ఆ బహస్ వేరే. మన ఆంగన్ వరకు తెచ్చింది మాత్రం మనిషి చెయ్యే.

ఉర్దూలో ఈ కొమ్మని ఏమంటాం? ఖలమ్. 'ఖలమ్ లగానా' అంటే కొమ్మ నాటడం. రాసేదీ ఖలమే, తెలుగులో కలం అయింది అదే లఫ్జ్. బాబర్ దగ్గర ఉన్నది ఒక రకం ఖలమ్, ఆగ్రాలో ఆయన తోటమాలి దగ్గర ఉన్నది ఇంకో రకం.

యునానీ హకీములు గుడ్‌హల్‌ని ముఫర్రిహ్ అంటారు, అంటే దిల్‌కి ఫర్హత్ ఇచ్చేది. షర్బత్-ఎ-గుడ్‌హల్ అలా వచ్చిందే. రేకుల్ని నిమ్మరసంలో వేస్తే ఎరుపు దిగే తమాషా పిల్లలకు చూపించండి. (డాక్టర్ రాసిన దవా మానేసి షర్బత్ తాగమని నేను అనట్లేదు!) ఇక హైదరాబాద్ దస్తర్‌ఖాన్ మీది అంబాడే కా గోష్త్ సంగతి. ఆ అంబాడా, అంటే గోంగూర, మందారానికి సగీ బహెన్. మిస్ర్‌లో తాగే ఎర్రటి కర్కదే షర్బత్ కూడా గోంగూర జాతి కాయ మీది ఎర్ర తొడిమలతోనే చేస్తారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న మలేషియా 1960లో తన ఖౌమీ ఫూల్‌గా ఎంచుకున్నది కూడా మందారాన్నే. అక్కడ దాని పేరు బుంగా రాయా.

నాటేది వానాకాలంలోనే. పెన్సిల్ అంత లావున్న కొమ్మని జానెడు పొడవున, కణుపు కింద ఏటవాలుగా కోయాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తుంచేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, నీడలో పెట్టాలి. మట్టి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. చిగురు రాగానే బతికిందని ఖుష్ అయిపోకండి, కొమ్మలో మిగిలిన బలంతోనూ చిగురిస్తుంది. నెల తర్వాత మెల్లగా లాగి చూస్తే పట్టు తెలియాలి. అప్పుడు ఎండలోకి మార్చండి, ఎండ లేకపోతే ఆకులే తప్ప పువ్వుండదు. వుజూ నీళ్లు పారే చోటయితే ఇంకా మంచిది, విడిగా నీళ్లు పోసే పని తగ్గుతుంది. తెల్లగా పిండినల్లి పడితే ముందు నీళ్ల ధారతో కడగండి, పోకపోతే పల్చటి సబ్బు నీళ్లు చల్లండి.

ముద్ద మందారం మీ మొహల్లాలో ఎవరింట్లో ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. మొదటి వాన పడ్డాక వెళ్లి ఒక ఖలమ్ అడగండి. ఎక్కువ పెరిగిపోయిన కొమ్మలు ఎలాగూ కోయాల్సిందే కాబట్టి, ఎవరూ కాదనరు.