పివట్ టేబుల్‌లో శాతాలు

స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ కూడిన మొత్తాలను శాతాలుగా చూపే పద్ధతి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ ఐదో వెర్షన్‌తో వచ్చింది. అంకెపై రైట్ క్లిక్ చేసి ‘షో వాల్యూస్ యాజ్’ ఎంచుకుంటే చాలు, ఫార్ములా అక్కర్లేదు. చిక్కంతా దేనితో భాగించాలన్నదే. అడ్డువరుసల్లో నెలలు, నిలువు వరుసల్లో మామిడి రకాలు ఉన్నాయనుకుందాం. ఏప్రిల్‌లో బంగినపల్లి 300 కిలోలు, రసాలు 100. మేలో రెండూ 300 చొప్పున అమ్మారు. ఏప్రిల్ బంగినపల్లి అడ్డువరుస మొత్తంలో 75%, నిలువు వరుస మొత్తంలో 50%, మొత్తం అమ్మకంలో 30%. మూడూ సరైనవే.

లాభశాతాల సగటు మాత్రం మోసం చేస్తుంది. 100 రూపాయల అమ్మకంపై 50, 900పై 90 లాభమొస్తే సగటు 30% అని చూపుతుంది. నిజానికి 1,000పై 140, అంటే 14%. ఇలాంటిచోట ‘కాలిక్యులేటెడ్ ఫీల్డ్’ వాడాలి. అది ముందు కూడి, ఆపై భాగిస్తుంది.