మూడో పెడలు లేని కారు

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నగరంలో డాఫ్ కంపెనీ మ్యూజియం ఒక పాత బీరు కర్మాగారంలో ఉంది. వైద్య సదస్సు కోసం ఆ ఊరు వెళ్ళిన నేను, చివరి రోజు మధ్యాహ్నం ఉపన్యాసాలు ఎగ్గొట్టి అక్కడికి పోయాను. భారీ లారీలను దాటుకుని వెళితే ఒక పక్కన చిన్న కార్ల వరస కనిపించింది. వాటిలో ఒకటి డాఫ్ 55 కూపే. రెండు తలుపులు, వెనక్కి ఏటవాలుగా జారిన పైకప్పు, చూడగానే కుర్రకారు బండి అనిపించే రూపం. అద్దంలోంచి తొంగి చూస్తే కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు ఉన్నాయి. సీట్ల మధ్య పొట్టి మీట ఒకటి. దాన్ని ముందుకు తోస్తే కారు ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. క్లచ్చి లేదు, గేర్ల లెక్క లేదు.

నేనుండే బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారికి ఆటోమేటిక్ కార్లు నడిపే అర్హత మాత్రమే దక్కుతుంది. మనవాళ్ళ విందుల్లో ఎవరైనా ఆ సంగతి చెబితే, "ఓహో, ఆటోమేటిక్ లైసెన్సా?" అని ఒక సాగదీత వినిపిస్తుంది. అన్నది సాధారణంగా మగవాడు, పడ్డది సాధారణంగా ఆడమనిషి. ఆ సాగదీతకు యూరప్‌లో పాత చరిత్రే ఉంది. నేను చూసిన కూపే ఆ చరిత్రలో ఒక ముఖ్య సాక్షి.

ఈ కారుకు మూలపురుషుడు హుబ్ వాన్ డోర్న. కమ్మరి కొడుకు. 1900 జనవరి 1న లింబుర్గ్ ప్రాంతంలోని ఒక చిన్న పల్లెలో పుట్టాడు. ఆ పల్లె పేరు అమెరికా! (మన పాఠకుల్లో సగం మంది వీసా పెట్టుకుని చేరిన పేరును ఆయన పుట్టుకతోనే సంపాదించుకున్నాడు.) ఐండ్‌హోవెన్‌లో ఒక బీరు కర్మాగారపు పెద్ద కారును బాగు చేసి మెప్పించి, ఆయన ఇచ్చిన అప్పుతో, ఆ ఆవరణలోనే 1928లో చిన్న కార్ఖానా పెట్టాడు. తమ్ముడు విమ్ లెక్కలూ వ్యాపారమూ చూసుకున్నాడు. మొదట వెల్డింగు పనులు, తరువాత లారీల వెనక తగిలించే ట్రెయిలర్లు, 1949 నుంచి లారీలు. కార్ల ఆలోచన వచ్చేసరికి హుబ్ యాభై దాటాడు.

ఆటోమేటిక్ గేరుబాక్సు అప్పటికే కొత్త కాదు. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1940 మోడల్ నుంచే హైడ్రామాటిక్ అన్న పేరుతో అమ్మింది. అయితే ఆ పద్ధతిలో నూనె ద్వారా శక్తి బదిలీ అవుతుంది. దారిలో కొంత శక్తి వేడిగా పోతుంది. నాలుగైదు లీటర్ల అమెరికన్ ఇంజనుకు అది లెక్కలోనిది కాదు. అర లీటరు యూరప్ ఇంజనుకు అది ప్రాణాంతకం. పైగా ఆ గేరుబాక్సు బరువు, ఖరీదు చిన్న కారు మోయలేనివి. అందుచేత యాభైలలో యూరప్‌లో ఆటోమేటిక్ అంటే సంపన్నుల బండి. మామూలు గుమాస్తాకు, బడిపంతులుకు క్లచ్చి తప్పదు.

హుబ్ ఎంచుకున్న మార్గం మన పిండిమర చూసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు నుంచి మరకు బెల్టు పోతుంది. మోటారు వైపు కప్పీ చిన్నదై, మర వైపు కప్పీ పెద్దదైతే మర నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. అటుది ఇటైతే వేగంగా తిరుగుతుంది. ఆ కప్పీల పరిమాణాన్ని తిరుగుతుండగానే మార్చగలిగితే? అందుకోసం ఒక్కొక్క కప్పీని ఎదురెదురుగా పెట్టిన రెండు శంకువుల్లా చేశారు. ముందు కప్పీ శంకువులు దగ్గరికి జరిగితే వాటి మధ్యనున్న రబ్బరు బెల్టు అంచు వైపు పైకి పాకుతుంది. అంటే కప్పీ పెద్దదైనట్టే. బెల్టు పొడవు మారదు గనుక వెనక కప్పీ శంకువులు స్ప్రింగును నొక్కుకుంటూ విడిపోయి, అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. శంకువులను జరిపే పనిని ఇంజను వేగానికి విచ్చుకునే గుండ్లూ, ఇంజను పీల్పు వల్ల పుట్టే శూన్యమూ కలిసి చూసుకుంటాయి. మొదటి గేరు, రెండో గేరు అన్న మెట్లే లేవు. మెట్లున్న చోట ఒక వాలు వచ్చింది. దీనికి వేరియోమేటిక్ అని పేరు పెట్టారు. సూత్రం హుబ్ సొంతం కాదు. మిల్టన్ రీవ్స్ అనే అమెరికన్ 19వ శతాబ్దం చివరలోనే దీనిని ప్రయత్నించాడు. మామూలు మనిషి కొనుక్కునే కారులో వేల సంఖ్యలో పెట్టి అమ్మిన ఘనత మాత్రం ఈ కమ్మరి కొడుకుదే.

డాఫ్ 600 కారు 1958 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. 590 సీసీ, రెండు సిలిండర్లు, గాలితో చల్లబడే ఇంజను, 22 గుర్రాల శక్తి. ఆ తేదీ చుట్టూ ఉన్న రెండు సంగతులు ఒక వైద్యుడిగా నన్ను ఆపాయి. మొదటిది: నెదర్లాండ్స్‌లో పెళ్ళయిన స్త్రీకి భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1956 చట్టంతో గాని రాలేదు, అది అమలైంది 1957 జనవరి 1న. రెండోది: 1956లో ఆ దేశాన్ని పోలియో పెద్ద ఎత్తున తాకింది, టీకాలు మరుసటి ఏడాది మొదలయ్యాయి. అంటే, తన డబ్బు తాను ఖర్చు పెట్టుకోగల గృహిణీ, ఎడమకాలు చచ్చుబడిన యువకుడూ ఉన్న సమాజంలోకి మూడో పెడలు లేని చవక కారు వచ్చింది. హుబ్ వీరిని మనసులో పెట్టుకుని చేశాడని నేననను. వీరు మాత్రం దానిని వెతుక్కుంటూ వచ్చారు. స్త్రీలు, వయసు మళ్ళినవారు, అంగవైకల్యం ఉన్నవారు డాఫ్‌కు నమ్మకమైన కొనుగోలుదారులయ్యారు.

చులకన అక్కడే మొదలైంది. మీటకు కంపెనీ ప్రకటనల్లో పెట్టిన ముద్దుపేరు "తెలివైన చిన్న కర్ర" అన్న అర్థమిచ్చేది. వీధిలో జనం పెట్టిన పేర్లు వేరు. లోపలి రబ్బరు బెల్టులను ఆడవాళ్ళ మేజోళ్ళ పట్టీలతో పోల్చారు. దాన్ని నడిపే స్త్రీల మీద ఇక్కడ రాయలేని మాట ఒకటి అతికించారు. పాత డాఫ్‌లు ముందుకు ఎంత వేగంగా పోతాయో వెనక్కీ అంతే వేగంగా పోగలవు, ఎందుకంటే అదే వాలు రెండు దిక్కులా పనిచేస్తుంది. తరువాతి కాలంలో డచ్ టెలివిజన్ ఆ గుణాన్ని పట్టుకుని ముసలి డాఫ్‌లతో వెనకనడక పందాలు పెట్టి దేశాన్ని నవ్వించింది. ఒక ఇంజనీరింగు సౌలభ్యం సర్కసు అంశమైంది.

కూపేను ఈ నేపథ్యంలో చూడాలి. 1967లో డాఫ్ 55 వచ్చింది. గాలి ఇంజను పోయి, రెనో కంపెనీ చేసిన 1108 సీసీ నాలుగు సిలిండర్ల నీటి ఇంజను చేరింది. ఆకృతి దిద్దినవాడు టూరిన్ నగరపు జొవాన్ని మికెలోట్టి. మరుసటి ఏడాది జెనీవా ప్రదర్శనలో దానికే కూపే రూపమిచ్చారు. ఈ కార్ల కోసం లింబుర్గ్‌లోని బోర్న్ అనే ఊళ్ళో కొత్త కర్మాగారం కట్టారు. ఆ ప్రాంతపు బొగ్గు గనులు మూసెయ్యాలని ప్రభుత్వం 1965లో నిర్ణయించింది. గనులు వదిలినవారికి పని కావాలి. బొగ్గు ధూళి పీల్చిన ఊపిరితిత్తులతో వచ్చినవాళ్ళు కుర్రకారు కోసం కూపేలు బిగించారన్నది నేను ఊరికే దాటలేని దృశ్యం.

అప్పట్లో యూరప్‌లో చవక కూపేలకు కొరత లేదు. ఫియట్ 850 కూపే వంటివి అందంగానూ ఉండేవి. అయితే అవన్నీ గేర్లు మార్చుకునేవే. సరదా బండి అంటే గేర్లు మార్చే చేయి కనిపించాలి, అది వారి లెక్క. డాఫ్ కూపే అక్కడ అడ్డం తిరిగింది. ఇంజను ముందు, బెల్టులు వెనక, కాబట్టి బరువు రెండు వైపులా బాగానే సర్దుకుంది. వెనక చక్రానికొకటి చొప్పున రెండు బెల్టులు. మలుపులో ఒక చక్రం ఎక్కువ తిరగాల్సి వస్తే ఆ బెల్టు తన కప్పీలో కాస్త జరిగి సర్దుకునేది. అందుకని వేరే డిఫరెన్షియల్ పెట్టనే లేదు. లోపాలూ ఉన్నాయి. రబ్బరు అరిగేది, మార్చుకోవాలి. కాలు గట్టిగా నొక్కితే ఇంజను ఒకే శ్రుతిలో కేకపెడుతుంది, కారు మాత్రం తీరుబడిగా ఆ కేకను అందుకుంటుంది. గేరు మారిన ప్రతిసారీ శ్రుతి మారాలని అలవాటుపడ్డ చెవికి అది బండి జారుతున్నట్టే వినిపిస్తుంది. అది చెవి తప్పని నా అభిప్రాయం. కాని కారు కొనేది చెవులతోనూ కదా.

చులకనకు జవాబుగా కంపెనీ డాఫ్ 55ను లండన్ - సిడ్నీ మారథాన్‌కు పంపింది. 1968 నవంబరు 24న లండన్‌లో బయలుదేరిన ఆ పందెం ఇస్తాంబుల్, కాబూల్, ఢిల్లీల మీదుగా బొంబాయి చేరింది. అక్కడ కార్లను ఓడెక్కించి ఆస్ట్రేలియాకు తీసుకుపోయారు. మన రోడ్ల మీద ఆ డచ్చి రబ్బరు బెల్టులు పరుగెత్తాయని తెలిసి నాకు చిన్నపిల్లవాడి సంతోషం కలిగింది. రాబ్ స్లోటెమేకర్ నడిపిన డాఫ్ 17వ స్థానంలో సిడ్నీ చేరింది. ఇంటావిడ కారని నవ్విన బండికి అది తక్కువ ఫలితం కాదు. తరువాత అమ్మిన మరింత చురుకైన రకానికి మారథాన్ అనే పేరు పెట్టుకున్నారు.

అయినా పేరు మారలేదు. 1972లో డాఫ్ 66 వచ్చింది, దానిలోనూ కూపే ఉంది. వెనక ఇరుసును పూర్తిగా మార్చి, మలుపుల్లో నిలకడ పెంచారు. నా దృష్టిలో ఈ వరసలో మంచి కారు అదే. కాని అప్పటికి కంపెనీకి ఒంటరిగా నెట్టుకొచ్చే శక్తి లేదు. స్వీడన్‌కు చెందిన వోల్వో 1973లో కొంత వాటా, 1975లో అధిక వాటా తీసుకుంది. 66కు వోల్వో బిళ్ళ తగిలించారు. తరువాతి వోల్వో 343కి మొదట ఈ బెల్టు పద్ధతి ఒక్కటే ఉండగా, 1979 నుంచి మామూలు గేరుబాక్సు కూడా ఇచ్చారు. కొనేవాళ్ళు అడిగింది అదే. హుబ్ కూడా ఆ ఏడే పోయాడు.

రబ్బరు స్థానంలో ఉక్కు బెల్టు పెట్టాలన్న పని మాత్రం ఆయన బతికుండగానే మొదలైంది. పల్చటి ఉక్కు ముక్కలను వందలకొద్దీ పేర్చి, ఉక్కు వలయాలతో కట్టిన ఆ బెల్టు లాగడానికి బదులు నెడుతుంది. 1987లో సుబారు జస్టీ వంటి చిన్న కార్లలో అది రోడ్డెక్కింది. దానిని తయారుచేసే సంస్థను 1995లో బాష్ కొన్నది. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం 1993 నాటిది: విలియమ్స్ జట్టు తన ఫార్ములా వన్ కారులో ఈ పద్ధతిని పరీక్షించింది. ఇంజను ఎప్పుడూ తన ఉత్తమ వేగంలోనే తిరుగుతుంది. అది పందెంలోకి దిగకముందే 1994 నియమాలు దానిని నిషేధించాయి. మేజోళ్ళ పట్టీ అన్నారే, ఆ పట్టీ.

మ్యూజియంలో ఆ కూపే ముందు నిలబడినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది విలియమ్స్ కారు కాదు, మా ఊరి తెలుగు మీడియం బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితుడు. పోలియో వల్ల అడుగుతీసి అడుగు వేసేటప్పుడు ఎడమచేత్తో తొడను మోకాలి పైన అదిమిపట్టి నడిచేవాడు. ఆ నడక అర్థం, తొడ ముందు కండరం పనిచేయకపోతే మోకాలు మడతపడకుండా చేయి ఆ పని చేస్తుందని, నేను మెడికల్ కాలేజీలో చదివాకే తెలిసింది. వాడు మాత్రం ఐదో క్లాసులోనే కనిపెట్టుకున్నాడు. 1984లో మన దేశంలోకి కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, క్లచ్చి లేదు, మీట నొక్కితే స్టార్టు. లోపల రెండు శంకువుల కప్పీలు, ఒక రబ్బరు బెల్టు. కొన్నేళ్ళకు వాడు పాత బండి ఒకటి కొని, వెనక రెండు పక్కల చక్రాలు కట్టించుకున్నాడు. దానిమీదే తాలూకా ఆఫీసులో ఉద్యోగానికి వెళ్ళేవాడు.

డాఫ్ కూపేలో ఒక బెల్టు తెగినా రెండోదానితో నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. మావాడి స్కూటరుకు ఉన్నది ఒకటే. అది ఒకసారి దారిలో తెగిందనీ, కొత్తది పట్నం నుంచి వచ్చేదాకా పదకొండు రోజులు సెలవు పెట్టాననీ నాకు ఉత్తరం రాశాడు. అప్పటినుంచి సీటు కింద డబ్బాలో ఇంకొక బెల్టు ఎప్పుడూ ఉండేది.