మన ముఖాలు నల్లగా ఎందుకు పడ్డాయి? (భాగం 4)

మా వెల్ఫేర్ హాస్టల్ పదో తరగతి గ్రూప్ ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. తెల్ల చొక్కాలు, వెనక సున్నం గోడ శుభ్రంగా పడ్డాయి. ముఖాలు మాత్రం బొగ్గు. మా అమ్మే నన్ను పోల్చుకోలేకపోయింది. తీసినాయన మెడలో లైట్ మీటర్ వేలాడుతుండేది. కెమెరా దగ్గర్నుంచే మా వైపు చూపి అంకె చదువుకున్నాడు. తర్వాత అడిగితే "మీ రంగే అంత" అన్నాడు. నమ్మాం కూడా.

అది అబద్ధమని చాలా ఏళ్లకి తెలిసింది. 1932లో అమెరికాలో వెస్టన్ కంపెనీ సెలీనియం మీటర్ అమ్మకానికి తెచ్చింది. వెలుగు తగిలితే కొద్దిపాటి కరెంటు పుట్టి ముల్లు కదులుతుంది. ఆ అంకెని బట్టి ఎపర్చర్, షట్టర్ పెట్టుకోవాలి. కెమెరా దగ్గర్నుంచి చూపితే అది కొలిచేది మన మీంచి తిరిగొచ్చే వెలుగుని. ఎదురుగా ఏమున్నా సరే, అంతా కలిపి మధ్యస్థ బూడిద రంగే అనుకుని లెక్క చెబుతుంది.

పత్తి తీస్తున్న మన ఆడవాళ్లని అలా కొలవండి. చుట్టూ విచ్చిన పత్తి. "వెలుగు ఎక్కువైంది, తగ్గించు" అంటుంది మీటర్. తగ్గిస్తే పంట చక్కగా పడుతుంది, కూలి మనిషి ముఖం చీకటైపోతుంది. మా సున్నం గోడ చేసిన పనీ అదే.

ఇంకో పద్ధతుంది. సెకోనిక్ స్టూడియో లాంటి మీటర్లకి తెల్లటి గుండ్రటి బుడిపె ఉంటుంది. దాన్ని మనిషి ముఖం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పాలి. పడే వెలుగునే కొలుస్తుంది కాబట్టి ఒకే ఎండలో నిలబడ్డ ఎర్రటి దొరకీ నాకూ ఒకటే అంకె. కాకపోతే తీసేవాడు నడిచొచ్చి, మన ముఖానికి జానెడు దూరంలో చెయ్యి పెట్టాలి. (ఎందుకు రాలేదో మీకు నేను చెప్పాలా?)

తప్పంతా మీటర్‌దే కాదు. కలర్ ప్రింట్లు సరిచూసుకోడానికి కొడాక్ ల్యాబులకిచ్చిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది.

విద్యార్థి మిత్రులకి ఒక పని. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఆ రోజుల ఫోటోలు సేకరిస్తున్నప్పుడు ప్రింటు నల్లగా ఉందని పక్కన పడెయ్యకండి. నెగెటివ్ అడగండి. వెలుగుకి ఎదురుగా పట్టండి. ముఖమున్న చోట పూర్తిగా గాజులా ఉంటే పోయినట్టే. పలుచగానైనా గీతలుంటే మళ్లీ ప్రింటు తీయొచ్చు.

మా హాస్టల్ నెగెటివ్ నిరుడు దొరికింది. నలభై ఒక్కమందిలో ఇప్పటికి ముప్పైమందిని పోల్చుకున్నాం.